తొమ్మిదడుగుల చుంచెలుక పన్ను

ప్రభుత్వం వారు ఏం చేసినా మన మంచికే చేస్తారని నమ్మే మనిషిని నేను. ఆ నమ్మకంతోనే ఇది రాస్తున్నాను. చదివినవాళ్లకి మరో అర్థం తోస్తే అది నా రాతలో లోపం అనుకోవాలి గాని ప్రభుత్వం వారి లోపం అనుకోకూడదు.

నా పేరు నరహరి. పదో తరగతి ప్యాసయ్యాక ప్రాచీన అల్పప్రాణి అవశేషాల కేంద్రంలో స్టోర్ కీపర్‌గా చేరాను. ఊళ్లో దీన్ని ఎలకలాఫీసు అంటారు. కోట్ల ఏళ్ల కిందట బతికి చచ్చిపోయిన చిన్న చిన్న జంతువుల పళ్లు, ఎముకలు, గుల్లలు మట్టిలోంచి ఏరడం, ఏది ఏ ప్రాణిదో గుర్తుపట్టడం, ఫోటో తీసి భద్రపరచడం మా కేంద్రం పని. పెద్ద జంతువులకి పట్నంలో వేరే మ్యూజియం ఉంది. అక్కడికి బడిపిల్లలు బస్సుల్లో వస్తారు. మా దగ్గరికి ఆడిట్ వాళ్లు వస్తారు.

ఆ పనంతా చేసేది డాక్టర్ ఎస్తేరు. మా జిల్లా పిల్లే. ఎర్రవాగు గట్టు నుంచి మట్టి సంచుల్లో తెచ్చుకుంటుంది. ఎండబెడుతుంది, నానబెడుతుంది, సన్న జల్లెళ్లలో పోసి కుళాయి కింద కడుగుతుంది. చివరికి మిగిలిన పిడికెడు ఇసకని నల్లని పళ్లెంలో పరిచి, మైక్రోస్కోపు కింద పెట్టి, తడి కుంచె కొసతో ఒక్కొక్క రేణువూ పక్కకి జరుపుతూ కూర్చుంటుంది. మా ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతుంది గదా, ఈ పిల్ల రాళ్లలో బియ్యం ఏరుతుంది. రోజుల తరబడి ఏమీ దొరకదు. అయినా మర్నాడు అదే మొహంతో వచ్చి కూర్చుంటుంది. జపం చేసేవాళ్లలో కూడా అంత నిలకడ నేను చూడలేదు.

ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు పూజలో ఉన్న సాలగ్రామాన్ని దూరం నుంచే చూసి, "బాబాయి గారూ, ఇది ఒకప్పటి సముద్రప్రాణి. దాని గుల్ల చుట్లే ఇవి" అంది.

మా ఆవిడ కంగారు పడింది. "అంటే ఇన్నాళ్లూ మనం నత్తకి అభిషేకం చేస్తున్నామా?"

"స్వామి మొదటి అవతారమే చేప. నత్తకేం తక్కువ?" అన్నాను. ఆ మాట అనేశాక నాకే ఒక ఆలోచన వచ్చింది. మా సాలగ్రామం ఉసిరికాయంత ఉంటుంది. ఎంత చిన్నదైతే అంత గొప్ప అని మా నాయన చెప్పేవారు. స్వామి చిన్నగా ఉండదలిస్తే వద్దనడానికి మనమెవరం?

ఇలా ఉండగా ఒకనాడు ఎస్తేరు స్టోరు గదిలోకి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. "బాబాయి గారూ, ఇలా రండి. ఊపిరి మాత్రం బిగబట్టండి. మీరు ఊదారంటే అది పోయి గోడకి అంటుకుంటుంది."

చూశాను. గుండుసూది తల మీద జిగురుతో అంటించిన గోధుమరంగు నలుసు. మైక్రోస్కోపులోంచి చూస్తే మూడు శిఖరాల కొండలా ఉంది. చుంచెలుకంత జంతువు పన్నట. భూమి మీద మహాకాయాలు తిరిగే కాలంలో వాటి కాళ్ల సందుల్లోంచి పరుగులు తీస్తూ పురుగుల్ని తిని బతికిన ప్రాణి. ఆ మూడు శిఖరాలు, వాటి మధ్య గాడి, అలాంటి పన్ను ఇంతవరకూ ఎవరికీ దొరకలేదట.

"ఇదొక్కటే అయితే నమ్మరు బాబాయి గారూ. దీని దవడ కావాలి, మిగతా పళ్లు కావాలి. అన్నీ ఆ గట్టులోనే ఉన్నాయి. ఆ పొర ఇంకెక్కడా లేదు" అంది. చెబుతూ చెబుతూ మొహం దిగులు పడింది.

దిగులు ఎందుకంటే, బైపాస్ రోడ్డు గీత ఆ గట్టు మీదుగా పోతోంది. ఎర్రవాగు గట్టు అంటే పెద్ద కొండేమీ కాదు, పెళ్లి పందిరంత మట్టిదిబ్బ. రోడ్ల శాఖ వాళ్లు మంచివాళ్లే. "మీ పన్ను ప్రభుత్వ ఆస్తిగా నమోదైతే గట్టు రక్షిత స్థలం అవుతుంది. మేం దారి పక్కకి తిప్పుకుంటాం. ఉగాదికి గీత ఖాయం చేస్తాం, ఆ లోపల చూసుకోండి" అన్నారు. అంటే, పన్ను నమోదైతే గట్టు ఉంటుంది. లేకపోతే ఉండదు. ఇంతకంటే తేలికైన పని ఏముంటుందని నేను ఆ రోజు కాస్త బెల్లం ఎక్కువ వేసి నైవేద్యం పెట్టించాను.

అప్పుడే ఉత్తర్వు వచ్చింది.

ఎక్కడో ఏదో మండలంలో ఒక అధికారి ఒకే బోరింగుని నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసి నాలుగు బోరింగులుగా చూపించాడట. తప్పు చేసింది బోరింగు అధికారి. శిక్ష పన్నుకి పడింది. ఉత్తర్వులో ఇలా ఉంది:

"ఇందుమూలముగా సమస్త శాఖాధిపతులకు తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ఆస్తినేత్రం యాప్ నందు నమోదు చేయు ప్రతి ప్రభుత్వ ఆస్తి ఛాయాచిత్రములో, సదరు ఆస్తికి బాధ్యులైన అధికారి ఆస్తి ప్రక్కన ఆపాదమస్తకం నిలబడి, ఉభయులూ సమాన స్పష్టతతో కనబడవలెను. ఉభయులలో ఏ ఒక్కరు కనబడకున్ననూ సదరు ఆస్తి లేనట్లుగానే పరిగణించబడును."

మా డైరెక్టర్ త్రివిక్రమరావు గారు గృహనిర్మాణ శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవారు. ఇళ్ల పక్కన నిలబడి ఫోటోలు దిగడంలో మంచి అనుభవం ఉంది. ఆ ఉత్తర్వు చదివి ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "చాలా సమగ్రమైన ఉత్తర్వు. ఇందులో మనకి ఇబ్బంది ఏమీ లేదు" అన్నారు.

ఎస్తేరు తాను తీసిన ఫోటో చూపించింది. పన్ను మీద తెల్లటి పూతలా అంటుకునే నవాసాగరం పొగ పట్టించి, ఒక్కొక్క లోతు దగ్గర ఒక్కొక్క ఫోటో తీసి, అన్నీ కలిపి ఒకటి చేసిన ఫోటో. నల్లని వెనకతెర మీద వెన్నముద్దలా మెరిసిపోతోంది. కింద చిన్న తెల్ల గీత ఉంది.

"ఈ గీత ఏమిటమ్మా?"

"సైజు తెలియడానికండి. ఆ గీత పొడుగు అర మిల్లీమీటరు."

"ఆ గీత హోదా ఏమిటి?"

"హోదా లేదు సార్. గీత."

"హోదా లేనిదాన్ని ప్రభుత్వ ఆస్తి పక్కన ఎలా నిలబెట్టావు? పరిపాలనలో ఇలాంటివి చూసుకోవాలి" అని ఆయన లేచి, కోటు తొడుక్కుని, ఆఫీసు ముందున్న పచ్చికలోకి నడిచారు.

గుండుసూదిని ఆయన అరచేతిలో పెట్టాం. ఆయన నవ్వారు. ఎస్తేరు ఫోన్‌తో ఫోటో తీసింది. యాప్ కాసేపు గిర్రున తిరిగి, "అధికారి ఆమోదించబడ్డారు. ఆస్తి: చేతి గడియారం. నమోదు చేయమంటారా?" అని అడిగింది.

డైరెక్టర్ గారు వాచీ వంక చూసుకుని ఒక్క క్షణం ఆలోచించారు. "ఇది కూడా పాతదే" అన్నారు. ఎస్తేరు మొహం చూసి వద్దులెండి అన్నారు.

రెండో ప్రయత్నంలో పన్నుని భూతద్దం బిగించిన ఫోన్ ముందు పెట్టి, డైరెక్టర్ గారిని ప్రహరీగోడ దాకా నడిపించాం. అంత దూరం నుంచి ఆయన ఆపాదమస్తకం పట్టారు గాని పొగమంచులో మనిషిలా ఉన్నారు. యాప్ వెంటనే సమాధానం చెప్పింది: "ఆస్తి కనబడినది. అధికారి లేరు. స్థలములో ఒక స్తంభం ఉన్నది."

ఆయన వగరుస్తూ తిరిగి వచ్చి ఆ వాక్యం చదువుకున్నారు. "నా సర్వీసు మొత్తంలో నన్ను స్తంభం అన్నవాడు లేడు" అన్నారు.

మర్నాడు యాప్ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాం. అవతల ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది.

"ఆస్తిని అధికారికి దగ్గరగా జరపండి సార్."

"ఆయన చేతిలోనే ఉందమ్మా" అన్నాను.

"అయితే అధికారిని తగ్గించండి సార్."

"తగ్గించడమంటే?"

"చిన్న స్థాయి అధికారిని పెట్టి ప్రయత్నించండి సార్. ఇంకేమైనా సహాయం కావాలా?"

డైరెక్టర్ గారికి ఈ సలహా నచ్చింది. ఆయన కింద ఇద్దరమే ఉన్నాం. ఎస్తేరు ఫోటో తీయాలి కనక నేను పచ్చికలో నిలబడ్డాను. యాప్ నన్ను ఆమోదించలేదు, పన్నునీ చూడలేదు. స్థాయి తగ్గింది గాని పొడుగులో నేను డైరెక్టర్ గారి కంటే జానెడు ఎక్కువే.

ఉగాది దగ్గర పడుతోంది. ఎస్తేరు అన్నం సరిగ్గా తినడం మానేసింది. డబ్బా తెరిచి, మూతపెట్టి, "గట్టు పోతుంది బాబాయి గారూ" అనేది. నేను "దేవుడున్నాడమ్మా" అనేవాణ్ని. "ఉన్నాడు, ఆయన పక్కన అధికారి లేడు" అంది ఒకసారి. నవ్వుతుందేమో అని చూశాను. నవ్వలేదు.

చివరికి దారి కనిపెట్టింది డైరెక్టర్ గారే. ఒకరోజు పొద్దున్నే ఇద్దరినీ పిలిచి, "నేను చిన్నవాణ్ని కాలేను. అది పెద్దది కావాలి. పరిపాలన అంటే ఇదే" అన్నారు.

అప్పలకొండని పిలిపించారు. పెళ్లిళ్లకి థర్మాకోల్ రాజభవనాలు, చవితికి వినాయకుడి మంటపాలు కట్టే మనిషి. ఆఫీసులోకి వస్తూనే గోడల మీద ఉన్న గుల్లల బొమ్మలు చూసి, "జంతికలా సార్?" అన్నాడు. మైక్రోస్కోపులోకి వంగి చాలాసేపు చూశాడు.

"ఇది పన్నా? మా చంటిదాని పాలపన్ను దీనికంటే నయం గదా అమ్మగారూ. ఐరావతం చేశాను, కైలాసం చేశాను. నలుసుని చెయ్యమన్నవాళ్లు మీరే. సరే, ఎంత ఎత్తు కావాలి?"

"నా ఎత్తు ఉంటే చాలదా సార్?" అని ఎస్తేరు నెమ్మదిగా అడిగింది.

"చాలదు. ప్రభుత్వ ఆస్తి అధికారి కంటే పొట్టిగా ఉండకూడదు. గౌరవంగా ఉండదు. తొమ్మిది అడుగులు చెయ్యవయ్యా."

"రంగు ఇదేనా? గోధుమరంగు వెయ్యాలా?"

"తెలుపు వెయ్యి. పన్ను తెల్లగా లేకపోతే శాఖ పరిశుభ్రత మీద అనుమానం వస్తుంది."

ఆ సాయంత్రం ఎస్తేరు నా దగ్గరికి వచ్చింది. "బాబాయి గారూ, ఇది అబద్ధం కాదా?"

నాకు శాస్త్రం తెలియదు. తెలిసిందల్లా ఒకటే. దేవుడి బొమ్మ దేవుడంత పెద్దదని ఎవరూ అనుకోరు, అది బొమ్మ అని అందరికీ తెలుసు. "నమూనా అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టు తల్లీ. అప్పుడు అబద్ధం కాదు" అన్నాను. ఆ పిల్ల మొహం తేటపడింది. బోర్డు స్వయంగా రాసింది. నమూనా అనీ, అసలు పన్ను ఆవగింజ కంటే చిన్నదనీ రాసింది.

సిమెంటు పన్ను పచ్చికలో లేచింది. మూడు శిఖరాలూ, మధ్య గాడీ అన్నీ అప్పలకొండ బాగానే తీశాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ఎలకలాఫీసు వాళ్లు పళ్లాసుపత్రి పెడుతున్నారని కొందరు, ఎవరో తారకాసురుడి కోరట అని కొందరు అన్నారు. ఒకావిడ పసుపు రాసి కొబ్బరికాయ కొట్టి వెళ్లింది. పిప్పి పన్ను పోటు తగ్గిందని మర్నాడు మళ్లీ వచ్చింది.

డైరెక్టర్ గారు పక్కన నిలబడ్డారు. ఫోటో తీశాం. యాప్ తిరిగి తిరిగి, "ఆస్తిపై అనధికార ప్రకటన గుర్తించబడినది. తొలగించండి" అంది.

"ఏం ప్రకటన?" అన్నారు డైరెక్టర్ గారు.

బోర్డు.

ఎస్తేరు బోర్డు దగ్గర నిలబడి రోడ్డు వైపు చూసింది. అప్పటికే ఎర్రవాగు దారిలో సర్వే వాళ్లు ముగ్గుపిండి గీతలు వేసుకుంటూ పోతున్నారు. "గట్టు కోసం" అని నాతో అని, తన చేత్తోనే బోర్డు పీకి పక్కన పెట్టింది.

ఈసారి పచ్చ టిక్కు పడింది. అధికారి ఎత్తు సర్వీసు వివరాల్లో ఉంటుంది కనక, దాన్నిబట్టి పక్కనున్నదాని ఎత్తు యాప్ తనంతట తానే లెక్క కట్టుకుంటుందట. తెర మీద వచ్చింది: "ఆస్తి: పన్ను. ఎత్తు: తొమ్మిది అడుగులు. స్థితి: బాగున్నది."

ఆ సాయంత్రమే గట్టుని రక్షిత స్థలంగా ప్రకటించారు. రోడ్ల శాఖ వాళ్లు మాట తప్పలేదు, గీత పక్కకి వంచారు. ఎస్తేరు కాజాలు తెచ్చి అందరికీ పంచింది. నాకు రెండు ఇచ్చింది. "ఒకటి మీ స్వామికి బాబాయి గారూ" అంది. ఆ రాత్రి ఆ పిల్ల కడుపునిండా తిని ఉంటుందని నేను నమ్ముతున్నాను.

తరవాతి వారం అదనపు కమిషనర్ భూషణం గారు రాజధాని నుంచి దిగారు. పచ్చికలో ఉన్న పన్ను చుట్టూ మూడుసార్లు తిరిగి, తడిమి, తల పైకెత్తి చూసి, "రాష్ట్రానికే గర్వకారణం" అన్నారు. డైరెక్టర్ గారు ముడుచుకుపోయారు. అది వినయం అని నాకు తరవాత తెలిసింది.

"ఇంత పన్ను ఉన్న జంతువు ఎంత ఉండేదమ్మా?" అని ఎస్తేరుని అడిగారు.

"చుంచెలుకంత సార్."

"అర్థం కాలేదు."

"ఇది సిమెంటు నమూనా సార్. అసలు పన్ను స్టోరులో ఉంది."

భూషణం గారు డైరెక్టర్ గారి వంక చూశారు. డైరెక్టర్ గారు ఆకాశం వంక చూశారు. "ఆస్తిని భౌతికంగా తనిఖీ చేయవలసి ఉన్నది. హాజరు పరచండి" అన్నారు భూషణం గారు.

నేను లోపలికి వెళ్లి మాత్రల డబ్బీ తెచ్చి మూత తీశాను. ఆయన వంగి చూశారు. కళ్లజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు.

"ఏదీ?"

"గుండుసూది తల మీదండి."

"ఇది ఫోటోతో సరిపోవడం లేదు."

"ఫోటో దాని బొమ్మదండి. ఇది అసలుదండి" అన్నాను.

"నమోదైనది ఏదో అదే అసలుది. నమోదు కానిది నమోదైనదానితో సరిపోలనప్పుడు, సదరు నమోదు కానిదానిని నకిలీగా భావించవలసి వస్తుంది. రికార్డు ఎత్తు తొమ్మిది అడుగులు. దీని ఎత్తు ఎంత?"

"అర మిల్లీమీటరు పైచిలుకు" అంది ఎస్తేరు.

"అంటే మిగిలిన ఎత్తు ఎవరు తిన్నట్టు?"

నేను స్టోర్ కీపర్ని గనక అందరూ నా వంక చూశారు.

తెలియక అడుగుతున్నానని ముందే చెప్పి అడిగాను. "అయ్యా, మా ఇంట్లో సాలగ్రామం ఉసిరికాయంత ఉంటుంది. అంత చిన్నదని స్వామి నకిలీ అవుతాడా?"

"మీ స్వామి ప్రభుత్వ ఆస్తుల జాబితాలో ఉన్నాడా?"

"లేడండి."

"అయితే ప్రస్తావించకండి."

ఆ పన్ను మీద "పరిమాణలోపం గల నకిలీ ప్రతి" అని చీటీ అంటించమన్నారు. చీటీ డబ్బీ కంటే పెద్దదైంది. డబ్బీనే చీటీకి అంటించాను. ఎస్తేరు నోరు తెరిచింది. నేను వద్దని సైగ చేశాను. గట్టు దక్కింది గదా, పేరుదేముంది అనుకున్నాను. అంత తెలివి నాకు ఎక్కడి నుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి.

ఎందుకంటే భూషణం గారు అక్కడితో ఆగలేదు. సిమెంటు పన్ను నీడలో కుర్చీ వేయించుకుని లెక్క మొదలుపెట్టారు. పన్ను తొమ్మిది అడుగులైతే దవడ ఎంత? దవడ అంతైతే తల ఎంత? తల అంతైతే తోక ఎక్కడి దాకా? డైరెక్టర్ గారు గృహనిర్మాణ అనుభవంతో చదరపు అడుగులు చెబుతూ వచ్చారు. చివరికి ఇద్దరూ ఒక నిర్ణయానికి వచ్చారు. అంత జంతువు గట్టు లోపల ఉంది. దాన్ని వెలికితీయకుండా వదిలేయడం కర్తవ్య నిర్వహణలో అలసత్వం.

ఎస్తేరు కుర్చీ ముందు నిలబడింది. "సార్, ఆ గట్టుని దోసిలి దోసిలిగా తీయాలి. కుంచెతో. ప్రతి దోసిలీ కడగాలి. పొక్లెయిన్ ఒక్కసారి గీకితే మా జీవితకాలం పని పోతుంది."

"దోసిలి దోసిలిగా తవ్వితే ఎంతకాలం పడుతుంది?"

"నాకు మిగిలిన సర్వీసు అంతా పడుతుంది సార్. తరవాత వచ్చేవాళ్లకి కూడా మిగులుతుంది."

"చూడమ్మా" అన్నారు భూషణం గారు, నిజంగా జాలిగా. "చిన్నగా ఆలోచించడం నీకు అలవాటైపోయింది. వృత్తి దోషం. నిన్ను తప్పు పట్టను."

"సార్, రక్షిత స్థలం అన్నారు."

"అందుకే. రక్షితం కాకపోతే మన శాఖ తవ్వగలిగేదా? రోడ్ల శాఖ తవ్వేసేది."

పొక్లెయిన్లు వచ్చాయి. మొదటి రోజు బాజాలు పెట్టారు. బకెట్ నిండా మట్టి పైకి లేచినప్పుడల్లా భూషణం గారు ముందుకు వంగి చూసేవారు. "మట్టే" అనేవారు. ఎస్తేరు యంత్రానికీ గట్టుకీ మధ్య పరుగెత్తబోతే కానిస్టేబుల్ రెక్క పట్టుకుని, "పక్కకి జరగమ్మా, రక్షిత స్థలం" అన్నాడు. ఆ పిల్ల కేక వేయలేదు. ఎటు పోతుందో చూడటానికన్నట్టు ఒక్కొక్క బకెట్‌నీ కళ్లతో వెంబడిస్తూ నిలబడింది. నేను పక్కన నిలబడి విష్ణు సహస్రనామం చదువుకున్నాను. అణువు అనే పేరు కూడా ఆయనకి ఉంది. ఆ నామం దగ్గర నోరు ముందుకి పోలేదు.

పెళ్లి పందిరంత దిబ్బ ఎంతసేపు నిలుస్తుంది? దిబ్బ అయిపోయాక దాని కింద తవ్వారు. నీళ్లు పడ్డాయి. భూషణం గారు వెళ్లిపోతూ, జంతువు పక్క జిల్లాకి వలస వెళ్లి ఉంటుందని రాసిపెట్టారు. గొయ్యి చుట్టూ కంచె వేసి, "రక్షిత స్థలం. మట్టి తీయుట నేరం" అని బోర్డు పెట్టారు. ఇప్పుడు కొత్త రోడ్డు దాని దగ్గరికి వచ్చి, ఎంతో గౌరవంగా పక్కకి వంగి, ప్రదక్షిణం చేసినట్టు తిరిగి ముందుకి సాగిపోతుంది. అటుగా వెళ్లేవాళ్లు ఆ గొయ్యికి ఏం మహిమ ఉందో అని దణ్ణం పెట్టుకుంటున్నారని విన్నాను.

ఆ రోడ్డు ఇంకా వేస్తుండగానే, తవ్విన మట్టి ఏమైందని ఎస్తేరు ఆఫీసులో అడిగింది. డైరెక్టర్ గారు తేలికపడ్డ మొహంతో చెప్పారు. తొమ్మిది అడుగుల వస్తువు అందులో ఏదీ లేదని ధ్రువీకరించారట. ఆస్తి లేని మట్టి కనక రోడ్డు కట్టకి వాడుకోమని ఇచ్చేశారట.

ఆ మాట విన్న వెంటనే ఎస్తేరు సంచులు, చేతిపార తీసుకుని బయల్దేరింది. వద్దనడానికి వెంట వెళ్లాను. వెళ్లాక వద్దనలేకపోయాను.

వంపు దగ్గర ఎర్రమట్టి పరిచి ఉంది. అవతల చివర రోలరు నడుస్తోంది, ఇవతల ఇంకా అణగలేదు. ఎస్తేరు మోకాళ్ల మీద కూర్చుని మట్టి పట్టి చూసింది. వేళ్ల మధ్య నలిపింది. "ఇదే పొర బాబాయి గారూ" అని సంచిలోకి తోడటం మొదలుపెట్టింది.

రోడ్డు సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఏంటమ్మా ఇది? ప్రభుత్వ రోడ్డు తవ్వుతున్నారేంటి?"

"ఇది ఎర్రవాగు గట్టండి."

"గట్టు అదిగో, అక్కడ. బోర్డు ఉంది చూడండి."

"అక్కడ గొయ్యి ఉంది గదండి?"

అతను గొయ్యి వంక చూశాడు, కాళ్ల కింద మట్టి వంక చూశాడు. కాసేపు బుర్ర గోక్కున్నాడు. "అది నా సెక్షన్ కాదమ్మా" అన్నాడు. ఎస్తేరు తల ఎత్తలేదు. ఆ చేతులు ఆగలేదు. అతనికేమనిపించిందో గొంతు తగ్గించి నాతో అన్నాడు: "పంతులు గారూ, రోలరు వాడు అన్నానికి దిగుతున్నాడు. వాడు తిని ఎక్కేదాకా తీసుకోండి. ఎక్కాక మాత్రం నన్ను ఇబ్బంది పెట్టకండి. కొలతలకి రేపు వస్తారు."

రోలరు ఆగింది. డ్రైవర్ దిగి, డబ్బాలో నీళ్లతో చేతులు కడుక్కుని, చక్రం నీడలో కూర్చుని కారియర్ విప్పాడు. నేను సంచి మూతి పట్టుకున్నాను. ఎస్తేరు రెండు చేతులతో తోడుతోంది. దోసిలి తరవాత దోసిలి. ఏ దోసిలిలో ఏముందో చూడటానికి ఇప్పుడు వ్యవధి లేదు. రోడ్డు పొడుగునా పరుచుకున్న మట్టిలో మేం తీసింది ఎంత? ఒక బండి చక్రం తొక్కేంత చోటు.

నేను ఇన్నేళ్ల పూజలో స్వామిని ఏదీ పేరుపెట్టి అడగలేదు. ఆ పూట అడిగాను. ఆ డ్రైవర్‌కి కూరన్నంతో తృప్తి కలగకుండా చూడు తండ్రీ, చారు కూడా పోసుకోనీ, చివర్న పెరుగన్నం ఉండనీ, నమిలి నమిలి తిననీ.

అతను రెండో గిన్నె మూత పెట్టాడు. మూడోది తెరిచాడు.

"ఇంకో సంచి పట్టండి బాబాయి గారూ" అంది ఎస్తేరు.